రేకుల కప్పు కింద శనివారాలు

చిట్టి గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి, తాను ఏడాదిన్నర కష్టపడి గీసిన ఇంట్లో, ప్లాన్‌లో 'చదువుకునే గది' అని రాసిన చోట, ఒక మేక పడుకుని ఉంది.

నేల మీద కాదు. గోడ మీద.

పట్టాల మధ్య అటూ ఇటూ జరిగే చెక్క గోడని ఎవరో ఊడదీసి రెండు స్టూళ్ల మీద అడ్డంగా పరిచారు. దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద మేక, మేక పక్కన కత్తెర, దూది, కట్టు గుడ్డ. చిట్టి గట్టిగానే అరిచింది.

"ఏమండీ! అది గోడ!"

చేతులకి గ్లవ్స్ వేసుకున్న మనిషి తలెత్తలేదు. "తెలుసు. కాస్త ఆ కాలు పట్టుకుంటారా?"

"ఏ కాలు?"

"దీనికి నాలుగున్నాయి. మీకు దగ్గర్లో ఉన్నది పట్టుకోండి."

కోపంగా ఉన్న మనిషి మేక కాలు పట్టుకోవడం అంత తేలిక కాదు. అయినా చిట్టి బ్యాగు కింద పడేసి పట్టుకుంది. అతను విరిగిన కాలికి చెక్క బద్ద పెట్టి, చకచకా కట్టు కట్టేశాడు. మేకని ఎత్తుకొచ్చిన ముసలావిడ గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరికీ కలిపి దండం పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి, గోడ సంగతి," అన్నాడతను గ్లవ్స్ తీస్తూ.

"దాన్ని ఎందుకు పీకారు?"

"గోడలు జరుపుకోవచ్చు, కావాలంటే తీసేయొచ్చు అని మీ బుక్‌లెట్‌లోనే ఉంది. తీసిన గోడని ఏం చేసుకోవాలో మాత్రం రాయలేదు."

"ఏం చేసుకుంటారు? గోడకి ఆనించి పెట్టుకుంటారు!"

"ఏ గోడకి? ఉన్నదే అది, దాన్నే తీశాను కదా."

చిట్టి స్టూళ్ల మీది గోడ వైపూ, ఖాళీ పట్టా వైపూ చూసింది. ఈలోగా కాలికి కట్టు పడ్డ మేక మెడ కిందికి చాచి, ఆమె బ్యాగులోంచి బయటికి పొడుచుకొచ్చిన కాగితం చుట్టని నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది. అది ఇంటి తూర్పు వైపు డ్రాయింగు.

వాళ్లిద్దరి పరిచయం అలా జరిగింది.

చిట్టి పనిచేసే కంపెనీ సిటీ వదిలి పల్లెల్లో స్థిరపడాలనుకునే వాళ్లకి ఇళ్లు కట్టిస్తుంది. మొత్తం పన్నెండు ఇళ్లు కట్టాలని పథకం. పన్నెండు కుటుంబాలు పేర్లు రాయించుకున్నాయి కానీ, ముందు ఒక నమూనా ఇల్లు చూస్తే గానీ సంతకం పెట్టలేమన్నాయి. ఆ నమూనా గీసింది చిట్టి. మట్టిని అచ్చుల్లో అదిమి చేసిన ఇటుకలతో బయటి గోడలు, లోపల మాత్రం పట్టాల మీద జరిగే తేలికపాటి చెక్క గోడలు. పొద్దున రెండు గదులు, మధ్యాహ్నం ఒకే పెద్ద హాలు, చుట్టాలొస్తే మూడు గదులు. పిల్లలు పుడితే వెనక వైపు బోల్టులు విప్పి ఇంకో గది తగిలించుకోవచ్చు. వాన నీళ్లు తొట్టిలోకి, వంటింటి నీళ్లు మొక్కలకి.

ఆ ఇంట్లో ఆరు నెలలు ఎవరైనా ఉండి చూసి నెలనెలా రిపోర్టు రాయాలి. సరిగ్గా అప్పుడే ఆ ఊరికి సిటీ నుంచి కొత్త పశువుల డాక్టరు బదిలీ మీద వచ్చాడు. ఉండడానికి ఇల్లు దొరక్క ఆసుపత్రి గదిలో మందుల పెట్టెల మధ్య పడుకుంటున్నాడు. కంపెనీ పెద్దసారు అతన్ని పట్టుకున్నాడు. ప్రతి శనివారం వెళ్లి ఇల్లు ఎలా ఉందో చూసి రావడం చిట్టి పని.

"నేను ఇక్కడ ఎక్కువ కాలం ఉండనండీ," అని మొదటి రోజే చెప్పాడు డాక్టరు, ఆమెకి టీ ఇస్తూ. "సిటీకి మార్చమని అప్లికేషన్ పెట్టాను. ఆర్డర్ రాగానే వెళ్లిపోతా."

"ఇంత అందమైన చోటు వదిలేసా?"

"మీరు ఎన్ని రోజులున్నారు ఇక్కడ?"

"ఇవాళ పొద్దున్నుంచి."

"అదీ సంగతి," అన్నాడతను.

ఆ ఒక్క మాట చిట్టికి బస్సులో ఇంటికి చేరేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

రెండో శనివారం ఆమె పెద్ద టేపు పట్టుకుని వచ్చింది. కిటికీ నుంచి మంచం దాకా, మంచం నుంచి స్విచ్చు దాకా, స్విచ్చు నుంచి గుమ్మం దాకా కొలుస్తూ తిరుగుతుంటే, కంచె అవతల నుంచి ఊళ్లో వాళ్లు వింతగా చూశారు. మధ్యాహ్నానికల్లా ఆమెకి 'కొలతలమ్మాయి' అని పేరు స్థిరపడిపోయింది.

"కొలతలమ్మాయ్ గారూ," అన్నాడు డాక్టరు, "ఆ టేపు కాసేపు పక్కన పెట్టి ఈ బూట్లు వేసుకోండి."

"ఇవి మీవి. పడవల్లా ఉన్నాయి."

"పడవలే. వేసుకుని పొలం గట్టు దాకా వెళ్లి రండి."

వెళ్లొచ్చింది. మోకాళ్ల దాకా బురద. గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయింది. తెల్లటి నేల, తాను ఏరి కోరి ఎంచుకున్న నేల, అద్దంలా మెరుస్తోంది. కాళ్లు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందా అని చుట్టూ చూసింది. బాత్‌రూములో ఉంది. బాత్‌రూము ఇంటికి ఆ చివర ఉంది.

"లోపలికి రండి," అన్నాడతను గుమ్మానికి ఆనుకుని, నవ్వు బిగబట్టుకుంటూ.

"ఎలా రమ్మంటారు?"

"నేను రోజూ వస్తున్నట్టే. ఇరవై నాలుగు బురద అడుగులు. లెక్కపెట్టాను, తుడిచేది నేనే కదా."

చిట్టి గుమ్మం బయటే చతికిలబడి, నోట్‌బుక్కు తీసి, 'పెరటి గుమ్మం దగ్గర కుళాయి, గచ్చు' అని రాసుకుంది. రాస్తుంటే తనకే నవ్వొచ్చింది. అప్పటిదాకా బిగబట్టుకున్న అతను కూడా నవ్వేశాడు. ఆ నవ్వుకి ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని ఆమె గమనించింది. అది మాత్రం నోట్‌బుక్కులో రాయలేదు.

ఆ తర్వాత శనివారాలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియదు. మట్టి ఇటుకల గోడ మధ్యాహ్నపు ఎండకి కూడా చల్లగా ఉందని అతను మెచ్చుకుంటే, ఆమె ఆ వారమంతా ఆఫీసులో గాల్లో తేలింది. నేల మీద పట్టాలో దుమ్ము చేరి గోడ మొరాయిస్తోందంటే, ఆమె నేల పట్టా తీయించి, గోడ బరువంతా పై పట్టాకే వేలాడేలా మార్చింది. డాక్టరు కోసం వెనక వైపు బోల్టులు విప్పి ఒక చిన్న గది తగిలించారు. ఇక మేకలూ దూడలూ అటు నుంచే రావడం, అటు నుంచే పోవడం.

"గోడలు జరిగే ఇల్లు కట్టాలన్న పిచ్చి మీకెలా పట్టింది?" అని ఒక శనివారం అడిగాడతను.

చిట్టి వెంటనే చెప్పలేదు. ఆ ప్రశ్న ఆఫీసులో చాలామంది అడిగారు. వాళ్లకి చెప్పే జవాబు వేరు.

"మాది రెండు గదుల ఇల్లు," అంది చివరికి. "నాన్న టైలరు. ముందు గదిలో కటింగ్ టేబుల్ ఉండేది. పగలంతా నాన్న దాని మీద బట్టలు కత్తిరించేవాడు. దుకాణం కట్టేశాక ముక్కలన్నీ దులిపేసి, దాని మీదే నాకు పరుపు వేసేవాడు. పదేళ్లు దాని మీదే పడుకున్నాను. ఒక్క గోడ అటు జరిగితే ఎంత బాగుండు అని రోజూ అనుకునేదాన్ని."

అతను జోకేమీ వేయలేదు. టీ కప్పు కింద పెట్టాడు.

"ఇప్పుడు జరిగింది కదా," అన్నాడు మెల్లగా.

అంతే. ఆ మాటకే ఆమెకి బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, పశువుల్లో ఏది ఎక్కువ మొండిది అన్న విషయం మీద వాదించుకున్నారు. అతను గాడిద కాదు, మేక అన్నాడు. ఆమె మేక కాదు, డాక్టరు అంది.

ఐదో నెల చివర్లో వానలు మొదలయ్యాయి.

ఆ శనివారం ఇద్దరూ హాల్లో కూర్చుని ఉండగా, ఆకాశం ఒక్కసారి చీకటి కమ్మి వాన విరుచుకుపడింది. చిట్టి ఆ ఇంట్లో వాన చూడటం అదే మొదలు. కప్పుకి రేకులు ఎంచుకున్నది తనే. నీళ్లు శుభ్రంగా తొట్టిలోకి జారతాయని, తేలిగ్గా ఉంటాయని, పాతబడితే కరిగించి మళ్లీ వాడుకోవచ్చని. అంతా నిజమే. కానీ వాన పడితే ఆ రేకులు వంద డప్పులు ఒకేసారి కొట్టినట్టు మోగుతాయని ఏ పుస్తకమూ చెప్పలేదు.

డాక్టరు ఏదో అన్నాడు.

"ఆఁ?"

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని గట్టిగా అరిచాడు. "ఆర్డర్ వచ్చింది! సిటీకి! వెళ్...నన్నాను!"

వినపడని అక్షరాలని చిట్టి మనసులోనే పూరించుకుంది. 'వెళ్తానన్నాను.' మొదటి రోజే చెప్పాడుగా. ఆర్డర్ రాగానే వెళ్లిపోతానని చెప్పిన మనిషి వెళ్లక ఏం చేస్తాడు?

ఆమె తెచ్చిపెట్టుకున్న నవ్వుతో అరిచింది. "మంచి పని చేశారు!"

అతని ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమె మనసు ఇంకా ముడుచుకుపోయింది. వెళ్లిపోవడం అంటే ఇంత సంతోషమా?

అతను మళ్లీ ఏదో చెప్పసాగాడు, ఈసారి కాస్త సిగ్గుపడుతూ. చెవి ఒగ్గి విన్నా ముక్కలు ముక్కలుగా చేరింది. "ఇక శనివారాలు... రావాల్సిన పని లేక..." మిగతాది రేకులు మింగేశాయి.

"సరే!" అని తలూపింది చిట్టి. బస్సు టైమైందని గొడుగు తీసుకుని, అతను వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా వానలోకి నడిచేసింది.

తర్వాతి శనివారం ఆమె వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. రిపోర్టు ఫారం మెయిల్లో పంపింది. "నమస్తే. నింపి పంపగలరు" అని రెండు ముక్కలు రాసింది. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నానని ఒకసారి, బస్సులో ఉన్నానని ఒకసారి పెట్టేసింది. రెండోసారి ఆమె తన కుర్చీలోనే ఉంది.

ఆరో నెల చివర ఆఖరి రిపోర్టు వచ్చింది. పెద్దసారు ఆమెని తన గదికి పిలిచాడు.

"అన్నీ మెచ్చుకున్నాడు. కుళాయి బాగుందట, వెనక గది అద్భుతమట. కానీ ఈ చివరి పేరా ఏంటమ్మా? చదువు."

చిట్టి చదివింది.

'పైకప్పు: వాన పడితే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. ఇది చిన్న లోపంగా తీసుకోవద్దు. ఈ కప్పు కింద నేను నా జీవితంలో చాలా ముఖ్యమైన మాట ఒకటి చెప్పాను. అది చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడికి రాబోయే పన్నెండు కుటుంబాలకి ఈ కష్టం రాకూడదు.'

ఆమె రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి.

"ఎల్లుండి కుటుంబాల వాళ్లు రిపోర్టు చూస్తారు," అన్నాడు పెద్దసారు. "నువ్వు చెప్తే వింటాడు. ఆ పేరా తీసేయించు."

"తీయించను సార్."

"అంటే?"

"నిజమే రాశారు. కప్పు మారుస్తాను. ఎండుగడ్డిని అదిమి చేసే పలకలొస్తాయి కదా, అవి రేకు కింద రెండు వరసలు వేస్తే చప్పుడు ఆగుతుంది, వేడీ ఆగుతుంది. నాకు రెండు వారాలు ఇవ్వండి. కుటుంబాల వాళ్లకి ఇదే రిపోర్టు చూపించి, ఇదే మాట నేనే చెప్తాను."

"వాళ్లు పేర్లు వెనక్కి తీసుకుంటే?"

"మొదటి వానకి తీసుకునేకంటే ఇప్పుడు తీసుకోవడమే నయం సార్."

పెద్దసారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "రెండు వారాలు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చిట్టి ముఖం చూడగానే నానమ్మకి విషయం అర్థమైంది. నానమ్మ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా వినేస్తుంది.

"ఎవరే వాడు?"

"ఎవరూ లేరు నానమ్మా."

"సరే, ఆ ఎవరూ లేనివాడు ఏమన్నాడు?"

చిట్టి మొత్తం చెప్పేసింది. మేక నుంచి రేకుల దాకా. నానమ్మ పూర్తిగా విని, కాళ్లు చాపుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మళ్లీ చెప్పమని అడిగావా?"

"ఏం అడగను? వెళ్తానన్నాడు కదా."

"అన్నాడని నువ్వు అనుకున్నావు. లైన్లో గరగరమంటే మేమేం చేసేవాళ్లమో తెలుసా? సగం విని మిగతా సగం మనసులో అల్లుకునేవాళ్లం కాదు. 'సరిగ్గా వినపడలేదండీ, మళ్లీ చెప్పండి' అనేవాళ్లం. అలా అడగడానికి నామోషీ పడితే ఎన్ని పెళ్లి కబుర్లు చావు కబుర్లయ్యేవో!"

"వెళ్లిపోయి ఉంటాడు నానమ్మా."

"వెళ్లిపోయినవాడికి మీ కప్పు గోల ఎందుకే పిచ్చిమొద్దూ?"

చిట్టికి అది తట్టనే లేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సు పట్టుకుంది. పలకల కొలతలు తీసుకోవాలని ఆఫీసులో చెప్పింది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

డాక్టరు పెరట్లో ఉన్నాడు. కొత్త గదికి ఆనుకుని కంచె వేస్తూ, నోట్లో మేకులు పెట్టుకుని, సుత్తితో కర్ర మీద కొడుతున్నాడు. ఆమెని చూసి సుత్తి ఆపాడు. మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీశాడు. అది అయ్యేసరికి చాలాసేపే పట్టింది.

"నమస్తే," అన్నాడు. "ఫారం నింపి పంపాను కదండీ."

ఆ 'అండీ'లో ఉన్న చలి ఆమెకి తగిలింది.

"ఎప్పుడు వెళ్తున్నారు?"

"ఎక్కడికి?"

"సిటీకి."

"నేనెందుకు వెళ్తాను?"

"వెళ్తానన్నారు కదా! ఆర్డర్ వచ్చిందనీ, వెళ్తానన్నాననీ మీరే కదా చెప్పారు!"

డాక్టరు ఒక్కో ముక్కకీ సుత్తితో కర్ర మీద కొట్టాడు. "వెళ్లనన్నాను! వెళ్ల. న. న్నాను! అప్లికేషన్ కూడా వెనక్కి తీసుకున్నాను!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెరట్లో కట్టేసిన దూడ కూడా మేత ఆపి చూసింది.

"మరి నేను మంచి పని చేశారంటే మీరు అంత సంతోషపడిపోయారే?" అంది చిట్టి.

"పడనా? ఉండిపోతానంటే మీరు మంచి పని అన్నారనుకున్నాను."

"మరి ఇక శనివారాలు రావాల్సిన పని లేదన్నారు?"

"'రావాల్సిన పని లేకపోయినా వస్తారా' అని అడిగాను. మీరు సరే అన్నారు. సరే అని మూడు వారాలు రాలేదు! నేను ప్రతి శనివారం షేవింగ్ చేసుకుని కూర్చున్నాను, తెలుసా? ఊళ్లో అందరూ డాక్టరుకి శనివారం ఏదో మొక్కుందనుకుంటున్నారు."

చిట్టికి నవ్వు ముందొచ్చింది, వెనకే కన్నీళ్లు. రెండూ ఒకేసారి తుడుచుకోలేక కంచె కర్ర పట్టుకుని నిలబడింది.

"ఎందుకు ఉండిపోవాలనుకున్నారు?" అని అడిగింది.

"ఇక్కడ పని బాగుంది. మొదట్లో తెలియలేదు. ఒక దూడ లేచి నిలబడితే ఒక ఇల్లంతా నవ్వుతుంది ఇక్కడ. అది ఒక కారణం." అతను సుత్తి కింద పెట్టాడు. "రెండోది, సిటీలో శనివారాలు మామూలు శనివారాల్లా ఉంటాయి."

"అంటే?"

"అంటే ఇంకా చెప్పాలా?"

"స్పష్టంగా చెప్పాలి. మా నానమ్మ సగం సగం మాటలు నమ్మొద్దంది."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఎడ్లనీ గేదెలనీ చూసి బెదరని మనిషి చెమట తుడుచుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మీరు కొలిచినా, కోప్పడినా, నా బూట్లలో బురదలో ఇరుక్కుని తిట్టినా. మీకూ ఇష్టమైతే... పెళ్లి చేసుకుందాం. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఈ కంచె పూర్తి చేసుకుంటాను."

"కంచె ఎలాగూ పూర్తి చేయాలి," అంది చిట్టి. "ఆ మూల వంకరగా ఉంది."

"అదేనా జవాబు?"

"నాకూ ఇష్టమే. మూడు వారాలు ఎలా గడిచాయో మా నానమ్మని అడుగు."

'అడుగు' అంది. 'అడగండి' అనలేదు. అన్నాక ఆమెకే తెలిసి బుగ్గలు ఎర్రబడ్డాయి. అతను ఆ తేడా విన్నాడు. ఆ రోజు వాన లేదు కాబట్టి స్పష్టంగా విన్నాడు. సొట్ట పడేలా నవ్వాడు.

కుటుంబాల వాళ్లు రిపోర్టు చదివారు. కప్పు మాట చిట్టి తానే చెప్పింది. రెండు కుటుంబాలు ఆలోచించుకుని చెప్తామన్నాయి. మిగతా పది అక్కడే సంతకం పెట్టాయి. తప్పు దాచకుండా చెప్పిన వాళ్లు ఇల్లు కూడా అలాగే కడతారని ఒక పెద్దాయన అన్నాడు. గడ్డి పలకలు వేశాక మొదటి వానకి డాక్టరు ఫోన్ చేసి, ఫోన్ కప్పు వైపు పెట్టి వినిపించాడు. చిటపట చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అరగంట మాట్లాడుకున్నారు, ఒక్క ముక్క కూడా పోలేదు.

తర్వాతి ఆదివారం చిట్టి ఇంట్లోవాళ్లని తీసుకుని వచ్చింది. నానమ్మ దిగీ దిగగానే డాక్టరుని నాలుగు ప్రశ్నలు వేసి, "మాట తిన్నగా ఉంది, నాకు నచ్చాడు" అని తేల్చేసి కుర్చీలో కూలబడింది. అమ్మ వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసి, ఒంటరి మగాడి వంటింటికి ఇది చాలా నయం అంది.

నాన్న మాత్రం సహజంగానే తక్కువ మాట్లాడతాడు. ఇల్లంతా ఒకసారి తిరిగాడు. మట్టి ఇటుకల గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చెక్క గోడ దగ్గరికొచ్చి, ఒక్క వేలితో మెల్లగా తోశాడు. అది చప్పుడు లేకుండా పక్కకి జరిగింది. రెండు గదులు ఒకటయ్యాయి. ఎదుటి కిటికీలోంచి పొలం మొత్తం కనిపించింది. ఆయన గోడని మళ్లీ వెనక్కి జరిపి, ఇంకోసారి తోశాడు.

"నువ్వే చేశావా ఇది?" అన్నాడు.

"నేనే నాన్నా."

ఆయన తలూపి, చొక్కా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. చిట్టి దగ్గరికి వెళ్లబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగి డాక్టరుని పిలిచాడు.

"బాబూ, ఒకసారి ఇలా వచ్చి నిలబడు. తిన్నగా."

డాక్టరు బడిపిల్లాడిలా వచ్చి నిలబడ్డాడు. నాన్న జేబులోంచి టేపు తీశాడు. భుజం నుంచి భుజానికి కొలిచాడు. తర్వాత చెయ్యి పొడవు. తర్వాత ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కళ్లు చిన్నవి చేసి అంకె చూశాడు. అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బ్యాగులోంచి పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఎందుకండీ ఇది?" అన్నాడు డాక్టరు కదలకుండా.

"పెళ్లికొడుకు కోటు ఎవరో కుడితే, నలభై ఏళ్లు మిషన్ తొక్కిన నా పరువేం కావాలి?" అన్నాడు నాన్న. టేపు కాస్త వదులు చేసి అతని వీపు మీద తట్టాడు. "ఊపిరి బిగబట్టకు నాయనా. కోటు వదులైపోతుంది."

డాక్టరు ఊపిరి వదిలాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ చిట్టి కూడా వదిలింది.